రాణిగారి గడ్డం

ఖేమదేశంలో రాజగడ్డం కట్టుకోనివారు సింహాసనం ఎక్కరాదు. ఆ రాజ్యపు శాసనాలన్నిటికంటే పాతది అది. దాన్ని రాతిమీద చెక్కించిన పూర్వరాజు ఎవరో గానీ, ఒకనాడు ఆడపిల్ల వచ్చి ఆ గడ్డం అడుగుతుందని మాత్రం ఊహించి ఉండడు. పన్నెండేళ్ల కిందట, తండ్రి కర్మకాండ ముగిసిన మర్నాడే, మేరితసేన నిండుసభలో నిలబడి అడిగింది. గడ్డం మగవాళ్ల సొత్తని పెద్దలు గొణిగారు.

"మా నాయనగారి చుబుకం నా చుబుకమంత నున్నగా ఉండేది. రోజూ ఆయనకి గడ్డం కట్టిన ఉసరుడు అదిగో ఆ మూల నిలబడి ఉన్నాడు. అడగండి," అంది మేరితసేన.

ఉసరుడు తల దించుకున్నాడు. అబద్ధం ఆడలేడు, నిజం చెప్పడానికి నోరు రాలేదు. మేకవెంట్రుకలతో జడలా అల్లి, నల్లజిగురు పూసి, చివర కాస్త ముందుకు వంచిన ఆ గడ్డాన్ని తెచ్చి, తోలుపట్టీతో కొత్త రాణి చుబుకానికి కట్టాడు. అప్పట్లో అతని చేతులు వణికేవి కావు. అప్పటినుంచి కొలువులో ఆమె ప్రభువు. రాణిగారు అన్నవాడికి కొలువులో పని ఉండదు. మనం కొలువులో లేము కనుక రాణి అనే అందాం.

మూడేళ్ల కిందట ఉసరుడికి వణుకురోగం పట్టుకుంది. పట్టీ పట్టుకుంటే పట్టీ జారేది, ముడి వేస్తే ముడి ఊడేది. కొలువు మధ్యలో ఒకరోజు గడ్డం రాణి ఒళ్లో పడింది. ఆ రోజుతో ఆ ఉద్యోగం అతని శిష్యురాలు నెబితకు వచ్చింది. రెల్లువీధి జనం కరువులో వదిలిపోయిన పసిగుడ్డును ఉసరుడు తెచ్చి పెంచాడు, ఆ పిల్లే ఈ నెబిత. ఇప్పుడు ఇరవై రెండేళ్లది. వేళ్లు ఎంత చురుకో నోరూ అంత చురుకు. రాణి మొహానికి జానెడు దూరంలో కూర్చునే హక్కు రాజ్యం మొత్తంలో ఆమె ఒక్కదానికే ఉంది. ఏళ్ల తరబడి తోలు ఒరుసుకుని రాణి చెవుల వెనక రెండు కాయలు కాచాయి. నెబిత రోజూ వాటికి ఆముదం రాసేది. రాణి మాట్లాడదు, కళ్లు మూసుకుని కూర్చుంటుంది. ఎవరినీ నమ్మని ఆ మనిషి కళ్లు మూసుకునేది ఆ కాసేపే. ఆ నమ్మకమంటే నెబితకు ప్రాణం.

ఇవాళ పన్నెండేళ్ల పరుగు.

ఖేమదేశాన్ని పన్నెండేళ్లు ఏలిన ప్రభువు, సత్తువ తగ్గలేదని చూపడానికి, జనమంతా చూస్తుండగా పరుగుబయలును మూడు చుట్లు చుట్టాలి. మూడో చుట్టు పూర్తయితే మరో పన్నెండేళ్లు ఆ ప్రభువును కాదనడానికి మనిషికి గానీ దేవుడికి గానీ హక్కు లేదు. పరుగుకు ముందు మూడు రోజులు ప్రభువు సూర్యకోవెలలో ఒంటరిగా, గడ్డం కూడా లేకుండా, ఉపవాసం ఉండాలి. నాలుగోనాటి పొద్దున్న గడ్డం కట్టేవారు లోపలికి వెళ్లి కట్టి, బయటికి తెచ్చి, జనం ముందు మూడుసార్లు లాగి చూసి, ముడి గట్టిగా ఉందని చాటుతారు. అప్పుడే పరుగు.

నెబిత చందనపు పెట్టె చంకన పెట్టుకుని సూర్యోదయానికే కోవెల చేరింది. తలుపులు అప్పటికే తెరిచి ఉన్నాయి. గడ్డంతో సహా రాణి పల్లకీలో కూర్చుని ఉంది.

పల్లకీ పక్కన ప్రధానార్చకుడు అపోఫణుడు నిలబడి ఉన్నాడు. మూడు నెలల కిందట ఎర్ర ఎడారినుంచి ఒంటరిగా నడిచివచ్చిన మనిషి అతను. ఈ ఏడు హాపి మహానదికి వరద రాక పొలాలు నోళ్లు తెరిస్తే, గట్టుమీద కూర్చుని ఏదో జపించి నీళ్లు రప్పించాడు. ఆ నీళ్లతో పాటే కోవెల పెత్తనమూ అతని చేతికొచ్చింది. నవ్వినప్పుడు పళ్లు కనిపించేవి గానీ కళ్లలో నవ్వు ఉండేది కాదు.

గడ్డం ఎవరు కట్టారని నెబిత అడిగింది. ప్రభువే కట్టుకున్నారన్నాడు అపోఫణుడు. నెబిత వంగి నమస్కరించి ఊరుకుంది గానీ లోపల ముల్లు గుచ్చుకుంది. ఆ ముడి ఎడమ చెవి వెనక పడాలి. వేయడానికి రెండు చేతులు చాలవు, పట్టీ కొసను పళ్లతో బిగబట్టి మరీ వేయాలి. తన చెవి వెనక పట్టీని తన పళ్లతో పట్టుకోగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు.

ఊరేగింపు కదిలింది. ఆహా, ఆ ఉదయం ఖేమపురిని చూడాలి. కోట మొదలుకొని నదిగట్టు దాకా తామరపూల తోరణాలు, మేడల అంచుల్లో నీలిగుడ్డల జెండాలు, బంగారుపూత వేసిన సూదిస్తంభాల కొనలమీద ఎండ పడి కళ్లు చెదిరే మెరుపు. పలకలు మోగిస్తూ నల్లమేలిముసుగుల నర్తకులు, తెల్లని ఎద్దులు, వాటి కొమ్ములకు పసుపురాసిన గుడ్డపీలికలు, వెనకాలే నెమలీకల విసనకర్రలు. పరుగుబయలు చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. అందరి కళ్లూ పల్లకీమీద ఉన్నాయి. నెబిత కళ్లు మాత్రం రాణి చెవులమీద ఉన్నాయి. తలగుడ్డ అంచు వాటిని కప్పేసింది.

పల్లకీ దించారు. బాకా ఊదారు. నెబిత ముందుకు వెళ్లి మోకాళ్లమీద కూర్చుని, గడ్డం పట్టుకుని మొదటిసారి లాగింది.

గడ్డంతో పాటు చుబుకం చర్మం సాగింది.

నెబిత జిగురేమో అనుకుంది. రెండోసారి లాగుతూ, తలగుడ్డ సర్దుతున్నట్టు ఎడమచేతి వేలు చెవి వెనక్కి పోనిచ్చింది. పట్టీ లేదు. ముడి లేదు. కాయ కూడా లేదు. అక్కడి చర్మం సాన పెట్టిన రాయిలా నున్నగా, చల్లగా ఉంది. మూడోసారి లాగేటప్పుడు ఆమె కళ్లెత్తి ఆ మొహంలోకి చూసింది. అదే నుదురు, అదే ముక్కు. ఆ కళ్లు ఆమెను చూస్తున్నాయి. రెప్ప వేయడం లేదు. ఖేమదేశపు ప్రభువుకు చుబుకంలోంచి నిజమైన గడ్డం మొలిచి ఉంది, ఆ సంగతి లక్షమంది జనంలో నెబిత ఒక్కదానికే తెలుసు.

ఆ క్షణాన అరిచి ఉంటే తల అక్కడే రాలేది. ఆమె లేచి, ముడి గట్టిగా ఉందని చాటింది. జనం జేజేలు కొట్టారు. మధ్యాహ్నపు నగారాకి పరుగు మొదలవుతుందని బాకాల వాళ్లు ప్రకటించారు.

అపోఫణుడు దగ్గరకొచ్చాడు. పొద్దున్నించీ ఎండలో ఉన్నావు అంటూ, స్వామివారి తేనెపానకం గిన్నె తన చేత్తో అందించాడు. ఆమె ఎడమచేతి దగ్గర అతని చూపు ఆగింది, రాణి చెవి వెనక్కి వెళ్లివచ్చిన వేలిమీద. నెబిత గిన్నె కళ్లకద్దుకుని, తాగుతున్నట్టు తల ఎత్తి, పానకమంతా చంకనున్న పెట్టె మూత సందులోంచి లోపలికి ఒంపేసింది. పది అడుగులు నడిచి మూత తీసి చూస్తే, లోపల వారం రోజులు కూర్చుని అల్లిన కొత్త గడ్డం రాయి అయిపోయి ఉంది. గోటితో కొడితే టంగుమంది.

ఇక నడిచే వేళ కాదని ఆమెకు అర్థమైంది. వెనక ఈటెల చప్పుడు వినబడింది. నెబిత గుంపులో దూరి, అత్తిపళ్ల బుట్టలు తన్నుకుంటూ, చేపలవాడ మెట్లు రెండేసి దూకుతూ కాలువగట్టుకు వచ్చింది. అక్కడ కట్టేసి ఉన్న జమ్ముతెప్ప తాడు తెంపి దూకింది. ఇద్దరు భటులు గట్టుమీదనుంచి ఈటెలు విసిరారు. ఒకటి తెప్పలో గుచ్చుకుంది, ఇంకొకటి నీళ్లలో పడి అడుగున పడుకున్న మొసలిని లేపింది. అది మామూలు మొసలి కాదు, కోవెలవాళ్లు మేపే ముసలి మొసలి, మనుషులంటే భయం లేనిది. తెప్ప అంచు పట్టుకుని నోరు తెరిచింది. నెబిత చేతిలో ఉన్నది రాతిగడ్డం ఒక్కటే. దాన్ని నిలువుగా ఆ నోట్లో దింపింది. మొసలి నోరు మూయబోయింది, పైదవడ కింది దవడను కలుసుకోలేదు. నోరు వెళ్లబెట్టుకునే అది మునిగిపోయింది. భటులు మొసలిని కాపాడాలా పిల్లను పట్టుకోవాలా అని తగువులాడుకునేలోపు తెప్ప రెల్లువీధి మలుపు తిరిగింది.

ఈ లోకంలో నెబితకు చెప్పుకునే చోటు ఒకటే ఉంది. ఉసరుడు ఇంటి అరుగుమీద చాప వేసుకుని కూర్చుని, వణికే వేళ్లతో మేకవెంట్రుకలు దువ్వుతున్నాడు. నెబిత తడిబట్టలతోనే ఆయన్ని లోపలికి లాక్కెళ్లి, తలుపు వేసి, జరిగిందంతా ఒక్క బిగిన చెప్పింది. ముసలాయన అడ్డు రాకుండా విన్నాడు. ఇంకెవరికైనా చెప్పావా అని మాత్రం అడిగాడు. ఎవరికీ చెప్పలేదంది.

"తాతా, అది రాణి కాదు. రాణిగారి విగ్రహం," అంది నెబిత.

ఉసరుడి చేతిలో దువ్వెన ఆగింది. నెబిత వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయింది. కోవెల ప్రాకారంలో ఏడాదికొకటి చొప్పున రాణి విగ్రహాలు పన్నెండు ఉన్నాయి. ప్రభువు గడ్డం కట్టుకున్నదని రాతిలో చూపడం అపచారమని శిల్పులు పట్టీ చెక్కరు, చుబుకమూ గడ్డమూ ఒకే రాయిలో కలిపి చెక్కుతారు. ఈ విషయంలో ఆమె శిల్పులతో ఎన్నోసార్లు పోట్లాడింది కూడా. అపోఫణుడు పరదేశి. రాణి మొహం దగ్గరగా చూసినవాడు కాదు. విగ్రహాన్ని చూసి రాణి గడ్డం నిజంగా మొలిచిందే అనుకున్నాడు, దానికే ప్రాణం పోశాడు. అందుకే ఆ బొమ్మకు గడ్డం ఒంటిలో భాగంగా వచ్చింది.

"మరి అసలు ప్రభువు ఏమైనట్టే?" అన్నాడు ఉసరుడు మెల్లగా.

ఆ ప్రశ్నకు జవాబు వీధిలోంచే వచ్చింది. డప్పువాడు చాటింపు వేస్తూ పోతున్నాడు. పరుగుతో ప్రభువుకు కొత్త యవ్వనం వస్తుంది కనుక, మధ్యాహ్నపు నగారా మోగగానే కోవెలలోని పాత విగ్రహాల మొహాలన్నీ చెక్కేసి కొత్త మొహాలు దిద్దుతారట. ఆ పనిచోటికి ఆడవాళ్లు రాకూడదట.

నెబిత లెక్క వేసుకుంది. విగ్రహం లేచి వచ్చేస్తే కోవెలలో పదకొండే మిగలాలి. లెక్క తప్పినట్టు ఎవరూ అనలేదు. అంటే పన్నెండూ ఉన్నాయి. ఖాళీ అయిన పీటమీద రాణి రాయిగా నిలబడి ఉంది. నగారా మోగితే ఆమె మొహంమీద ఉలి పడుతుంది. మొహం పోయాక ఏ మంత్రమూ మనిషిని తిరిగి తేలేదు.

విగ్రహాల్లో కలిసిపోవాలంటే రాణికీ గడ్డం కట్టే ఉంటారు, చెవి వెనక పట్టీ ఉన్న విగ్రహమే రాణి, వెళ్లి వెతుకుతానంది నెబిత. ఉసరుడు చాలాసేపు ఆమెను చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమెకు అప్పుడు తెలియలేదు. పెంచిన ప్రేమే అనుకుంది. చివరికి ముసలాయన లేచి, మూలనున్న మట్టికుండలోంచి ఒక గోధుమరంగు గడ్డం తీశాడు. శిల్పి వేషం వేసుకుంటే తప్ప లోపలికి పోనివ్వరని చెప్పి, ఆమె జుట్టు ముడిచి తలపాగా చుట్టి, ఒంటికి రాతిపొడి పూసి, గడ్డాన్ని చుబుకానికి ఆనించి, పట్టీ కొసను పళ్లతో పట్టుకుని చెవి వెనక ముడి వేశాడు. ఒక్కసారికే పడింది ముడి. నెబితకు ఆశ్చర్యం వేసింది.

"తాతా, నీ చేతులు వణకలేదు," అంది.

"అవసరం ముంచుకొస్తే చేతులు కూడా మాట వింటాయే తల్లీ. ఇక పో, పొద్దెక్కుతోంది," అన్నాడు ఉసరుడు.

ఆమెకు సంతోషం వేసింది. ముసలాయన కాళ్లకు దండం పెట్టి బయటపడింది.

కోవెల ప్రాకారం చేరేసరికి సూర్యుడు నడినెత్తికి రెండు మూరల దూరంలో ఉన్నాడు. ఎర్రరాతి స్తంభాల వరసలు, ఒక్కో స్తంభం పదిమంది చేతులు కలిపినా అందనంత లావు, పైన విప్పారిన తామరల్లాంటి తలలు. ఆ నీడలో ఛాతీ ఎత్తు పీటలమీద పన్నెండుమంది రాణులు ఎడమకాలు ముందుకు వేసి నిలబడి ఉన్నారు. పన్నెండు మొహాల్లో ఒకే చిరునవ్వు. ఒక్కో పీట దగ్గర ఒక్కో శిల్పి సుత్తీ ఉలీ పట్టుకుని నగారా కోసం కాచుకుని ఉన్నాడు.

ద్వారం దగ్గర పెద్దశిల్పి ఆమెను ఆపి అరచేతులు చూపించమన్నాడు. కాయలు లేని చేతులు చూసి కనుబొమలు ముడిచాడు.

"రాయి కొట్టిన చేతులు కావు ఇవి. ఎవడ్రా నువ్వు?"

నెబిత గొంతు బరువు చేసి, తాను ఉలి పట్టే శిల్పిని కాననీ, చెక్కబోయే చోట ఎర్రమట్టితో గీతలు గీసేవాణ్ణనీ, రెల్లువీధి నుంచి పంపారనీ చెప్పింది. మాట ముద్దగా వచ్చింది. దవడ బిగుసుకున్నట్టుంది. కొత్త జిగురు ఎండుతోందనుకుంది. పెద్దశిల్పికి అనుమానం తీరలేదు. ఒక పలక చేతికిచ్చి, కొలత లేకుండా ముక్కు గీయమన్నాడు. పాపం, ఆమె మూడేళ్లుగా రోజూ చూసే ముక్కు అది. కళ్లు మూసుకుని కూడా గీయగలదు. ఒక్క గీతలో గీసి ఇచ్చింది. పెద్దశిల్పి పలకను అటూ ఇటూ తిప్పి చూసి, సరే గానీ పళ్లనొప్పా ఏమిటి ఆ మాట, అని గొణిగి, ఎర్రమట్టి పిడతా చిన్న నిచ్చెనా చూపించాడు.

నెబిత మొదటి విగ్రహం ఎక్కింది. నుదుటిన ఒక గీత, ముక్కుకు రెండు గీతలు గీస్తూ, ఎడమచేయి చెవి వెనక్కి పోనిచ్చింది. నున్నటి రాయి. రెండోదీ అంతే. మూడు, నాలుగు, అయిదు. కిందినుంచి పెద్దశిల్పి చూపులు వీపుకు తగులుతూనే ఉన్నాయి. చెవులు తడుముతావెందుకని ఒకసారి అరిచాడు. మెడ వంపు చూసుకుంటున్నానని చేత్తో సైగ చేసింది. మాట్లాడదామంటే నాలుక కదిలింది గానీ దవడ కదల్లేదు. చుబుకం చల్లగా ఉంది. కాలువలో తడిసినందువల్లే కాబోలు అనుకుని ఆరోది ఎక్కింది. ఆరు, ఏడు, ఎనిమిది. దూరంగా పరుగుబయలు నుంచి జనం హోరు పెరుగుతోంది.

తొమ్మిదో విగ్రహం చెవి వెనక ఆమె వేలికి తోలు తగిలింది.

ఒళ్లంతా రాయే. తలగుడ్డ రాయి, కళ్లు రాయి, గడ్డం రాయి. పట్టీ మాత్రం తోలుగానే ఉంది, దాని కింద ఆముదం రాసి రాసి తనకు తెలిసిన కాయ ఉంది. నెబితకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నేళ్లూ ఆ చెవులకు చేసిన సేవ వృథా పోలేదనిపించింది. కట్టిన దానిలోనే మంత్రం ఉంటే, విప్పితే వదలాలి. ముడి కోసం తడిమింది.

ముడి ఎడమకు తిరిగి ఉంది. కొస రెండుసార్లు లోపలికి దోపి ఉంది.

ఎన్నేళ్లు నేర్పినా నెబితకు పట్టుబడని ముడి అది. ఆమె ముడి కుడికి తిరుగుతుంది. ఎడమకు తిప్పి రెండు దోపులు దోపేవాడు ఖేమదేశంలో ఒక్కడే. వణికే చేతులతో ఆ ముడి పడదు. ఇవాళ పొద్దున్న ఆ చేతులు వణకలేదు. ఎవరికైనా చెప్పావా అని ఆయన అడిగాడు. మొదట అడిగింది అదే.

నెబిత తన చెవి వెనక్కి చేయి పెట్టుకుంది. ఎడమకు తిరిగిన ముడి, రెండు దోపులు. వేలు చుబుకానికి దించితే గడ్డం ఎక్కడ ఆగిందో తన మాంసం ఎక్కడ మొదలైందో తెలియలేదు. రెండూ ఒకే రాయి. దొంగతేనె తాగనందుకు పొద్దున్న ఎంత మురిసిపోయింది. విషం పట్టినవాడి చేతికే తలవంచి, దండం కూడా పెట్టి వచ్చింది. చేతుల వణుకు పోగొట్టుకోవడానికి తాత రాణిని అమ్మాడు, పెంచిన పిల్లను అమ్మాడు.

ముందు ఎవరి ముడి విప్పాలన్న ఆలోచన ఆమెకు రానేలేదు. పట్టీ కొసను పళ్లతో పట్టుకుని లాగితే ఆ ముడి వదులవుతుంది. పళ్లు విడివడలేదు. గోళ్లు దోపింది. ఒక గోరు విరిగింది. అప్పుడే నగారా మోగింది.

పదకొండు ఉలులు ఒక్కసారి రాతిమీద పడ్డాయి. రాతిముక్కులు నేలమీద దొర్లాయి, తెల్లదుమ్ము స్తంభాల ఎత్తున లేచింది. తొమ్మిదో పీట కింద ఉన్న ముసలిశిల్పి దిగమని అరిచాడు, దిగకపోతే కాలు పట్టుకుని లాగాడు. నెబిత రెండో కాలితో అతని భుజం తన్ని పట్టు విడిపించుకుంది. అతను తిట్టుకుంటూ అటుపక్కనుంచి పీట ఎక్కి, రాణి ముక్కుమీద ఉలి ఆనించి సుత్తి ఎత్తాడు. మొదటి దోపు ఊడింది. రెండోది ఊడింది. నెబిత పట్టీని చేతికి చుట్టుకుని లాగింది.

రాతిగడ్డం ఊడి ఆమె చేతిలో పడింది. రాణి మొహంలోకి రంగు వచ్చింది. దుమ్ము ముక్కులోకి పోయి, పన్నెండేళ్లు ఖేమదేశాన్ని ఏలిన మేరితసేన శిల్పి మొహంమీద గట్టిగా తుమ్మింది.

ముసలిశిల్పి సుత్తితో సహా వెల్లకిలా పడి, లేచి, పరుగెత్తాడు. అతని వెనక మిగతావాళ్లూ పనిముట్లు పడేసి పరుగెత్తారు. పెద్దశిల్పి కూడా నిలవలేదు. ముసలిశిల్పి ఉలి మాత్రం రాణి చేతిలో ఉండిపోయింది. ఆమె పీటమీద తూలి, స్తంభాన్ని పట్టుకుని నిలదొక్కుకుంది. బయట జనం గొంతులు కలిపి జేజేలు కొట్టారు. పరుగుబయలులో బొమ్మకు ఒక చుట్టు పూర్తయింది.

రాణి చూపు నిచ్చెనమీది మనిషిమీద పడింది. గోధుమరంగు గడ్డం, రాతిపొడి, చేతిలో తన రాజగడ్డం. ఆమె చేయి చాచి ఆ మనిషి తలను పక్కకు తిప్పి, చెవి వెనక చూసింది.

"ఉసరుడి ముడి," అంది. గొంతు బొంగురుపోయి ఉంది. "సూర్యుడికి దండం పెట్టి కళ్లు మూసుకున్నాను. వెనకనుంచి ఎవరో గడ్డం కట్టారు. తొమ్మిదేళ్లు కట్టించుకున్న ముడి, చెవికి తెలిసింది. కళ్లు తెరిచాను, వెనక్కి తిరగలేకపోయాను. నీకూ అదే చేయి కట్టింది. ఎవడివి నువ్వు?"

నెబిత చెప్పడానికి ప్రయత్నించింది. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. కుడిచేయి మణికట్టు దాకా బిగుసుకుపోయింది. ఎడమచేత్తో తన చుబుకంమీది గడ్డం పట్టుకుని, ఒకసారి లాగింది. రెండోసారి. మూడోసారి. జనం ముందు ప్రభువు గడ్డాన్ని మూడుసార్లు లాగే హక్కు ఖేమదేశంలో ఒక్కరికే ఉంది.

రాణి కళ్లు కాస్త పెద్దవయ్యాయి. ఆమె గుర్తుపట్టింది. నెబితకు ప్రాణం లేచివచ్చింది. విప్పమని తల కొద్దిగా వంచి చెవి చూపించింది.

రాణి ముడిమీద వేలు పెట్టింది. పెట్టి ఆగిపోయింది.

"నెబితా," అంది మెల్లగా. "నువ్వు వాడు పెంచిన పిల్లవే కదా."

బయట రెండోసారి జేజేలు మోగాయి. ఇక ఒక్క చుట్టే మిగిలింది. రాణి ఎడమచేయి ముడిమీదే ఉంది. కుడిచేతిలో ఉలి పైకి లేచింది, పట్టీని తెంపడానికో ఇంకెందుకో చెప్పలేనంత దగ్గరగా. కళ్లు మూసుకుందామనుకుంది నెబిత. రెప్పలు పడలేదు.